సరాయి గోడలో చప్పుడు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. నమ్మకం లేకపోవడమే కాదు, ఆ కబుర్లు చెప్పేవాళ్లను చూస్తే ఒళ్లు మంట. గనుల ఊళ్లో మూలకొక దయ్యం కథ దొరుకుతుంది. గని ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ అలాంటివి ఎన్నింటినో చీల్చి చెండాడినవాణ్ని. ఇది మాత్రం పట్టపగలు నా చెవులతో విన్నది.

డెబ్బైలు మొదలైన రోజులు. గోదావరిఖని నుంచి మంథని వెళ్లే దారిలో పొలాల మధ్య ఒక పాత రాతి సరాయి ఉండేది. ఎడ్లబండ్ల మీద వచ్చే బాటసారుల కోసం ఏ కాలంలోనో కట్టించింది. కప్పు సగం కూలినా బారెడు మందం గోడలు గట్టిగానే ఉన్నాయి. మంథనిలో బడిపంతులుగా చేసి రిటైరైన నరహరి పంతులు గారికి ఆ సరాయి అంటే ప్రాణం. దాన్ని బాగుచేయించడానికి నలుగురం కలిసి చరిత్ర సంఘం పెట్టాం. ఆయన అధ్యక్షుడు, నేను కార్యదర్శిని. చందాల పని మా అక్క భర్త రాజమల్లు బావది. ఆయన గని కార్మికుడు.

జీతాల రోజున బావ గని గేటు దగ్గర తువ్వాల పరిచి నిలబడేవాడు. "తాతల నాటి సరాయి, మన పోరగాళ్లు చూడాలె" అంటే చాలు, షిఫ్టు దిగినవాళ్లు బొగ్గు చేతులతోనే వేసిపోయేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అక్క ఎగతాళి చేసేది. అయినా సున్నంలో కలపడానికి క్వార్టర్లన్నీ తిరిగి బెల్లం పోగుచేసింది ఆమే. సరాయి పక్కన గుంత తవ్వి సున్నం నానబెట్టిన రోజు పంతులు గారు దాని చుట్టూ పెళ్లి పెద్దలా తిరిగారు.

తర్వాతి ఆదివారం మేము ముగ్గురం పడమటి గోడ పగుళ్లు చూస్తున్నాం. గోడ లోపలి నుంచి టక్, టక్, టక్ అని వినిపించింది. ఏ పావురమో అనుకున్నాను. బావ ఏమీ ఆలోచించలేదు. చేతిలోని గడ్డపారతో రాయి మీద మూడుసార్లు కొట్టాడు.

గనిలో అది అలవాటు. కప్పు కూలి మనుషులు అవతల చిక్కుకుంటే రాయి మీదనో పైపు మీదనో కొడతారు. ఇవతలివాళ్లు అన్నే దెబ్బలు తిరిగి కొట్టాలి. విన్నాం, వస్తున్నాం అని మాట ఇచ్చినట్టు. ఆ మాట ఇచ్చాక మనిషి దొరికేదాకా తవ్వకం ఆగదు. బావ కూడా ఒకప్పుడు అలా చిక్కుకుని, ఆ జవాబు విని ప్రాణం నిలుపుకున్నవాడే.

గోడ మళ్లీ కొట్టింది. ఈసారి నాలుగు. బావ నాలుగు కొట్టాడు. అయిదు వచ్చాయి.

"మనిషే బామ్మర్దీ," అన్నాడు బావ.

నాకున్న తెలివంతా వాడాను. కింద గని ఉందేమోనని సర్వేయరును అడిగితే, నక్షా చూసి ఆ దిక్కుకు సొరంగమే లేదన్నాడు. పేలుళ్ల అదురనుకుందామంటే మొదట విన్నది ఆదివారం, గని సెలవు. పావురమో ఎలుకో దూరిందేమోనని వెతికితే, ఆ పగుళ్లలో వేలు దూరే సందు కూడా లేదు.

గోడ విప్పుదామన్నాడు బావ. పంతులు గారు వెళ్లి ఆ గోడకు అరచెయ్యి ఆనించారు.

"జవాబిచ్చినవ్ గదరా, ఇంకేం చేస్తం? విప్పుండ్రి. రాయి రాయికి నంబరు వెయ్యుండ్రి. మళ్ల గట్లనే కడదాం."

సుద్దముక్కతో నంబర్లు వేసే పని నాది. విప్పుతున్నకొద్దీ చప్పుడు కిందికి జరిగింది. రోజురోజుకీ దెబ్బల మధ్య ఎడం పెరిగింది, బలం తగ్గింది. అలా తగ్గడమంటే ఏమిటో గనిలో పనిచేసే ప్రతివాడికీ తెలుసు. ఒకనాడు బావ నా చేతిలోని సుద్దముక్క లాక్కుని విసిరేశాడు.

"నువ్వు నంబర్లు రాసుకుంట కూసుంటె ఆడ పానం పోతాంది!"

నేను పంతులు గారి వైపు చూశాను. ఆయన ముఖం తిప్పుకున్నారు. ఆపమని ఆయన అనలేకపోయారు, నేనూ అనలేకపోయాను. ఆ తర్వాత రాళ్లు ఎక్కడ పడ్డవి అక్కడే. షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చేవారు. చందాలిచ్చిన చేతులే గోడను పడగొట్టాయి.

పునాది కనబడకముందే చప్పుడు ఆగిపోయింది. బావ కొట్టాడు, ఆగి విన్నాడు, మళ్లీ కొట్టాడు. జవాబు లేదు. అయినా చివరి రాయి దాకా తీశాం. అడుగున బండ తగిలింది. ఎముక లేదు, బొరియ లేదు, ఎలుక తవ్విన మట్టి కూడా లేదు.

"ఆలిశమైందంటవా బామ్మర్దీ?" అన్నాడు బావ.

ఆసరా పోయిన మిగతా గోడలు ఆ వానాకాలమే కూలాయి. గుంతలో సున్నం గడ్డకట్టింది. పంతులు గారు మళ్లీ ఆ దారి తొక్కలేదు.

చందాలిచ్చినవాళ్లకు ముఖం చూపించక తప్పదు కదా. గేటు దగ్గరికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతారనుకున్నాను. ఒక ముసలి కార్మికుడు "జవాబిచ్చినంక తవ్వకుంటె ఎట్ల సారూ?" అని సైకిలెక్కి వెళ్లిపోయాడు. మిగతావాళ్లు కూడా అతని వెనకే కదిలారు. తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. ఆ చప్పుడు ఏమిటంటే మాత్రం చెప్పలేను. బావ కూడా దాన్ని దయ్యమని ఏనాడూ అనలేదు. రిటైరై ఇంటిపట్టున ఉంటున్నాడు. ఎవరైనా తలుపు తడితే, లోపలి నుంచి అన్నిసార్లే తిరిగి తట్టి, అప్పుడు గొళ్లెం తీయడానికి తడుముకుంటాడు. నేను వెళ్లినా అంతే. ఆ జవాబు వినిపించాక తలుపు తెరుచుకునేదాకా, బయట ఎండలో నిలబడి ఉన్నా, నాకు ఊపిరాడదు.