కాకినాడ రేవులో పిలుపు

జింగనూర్ అనే పల్లె నుంచి వచ్చిన ఒక ముసలాయన సంగతి చెప్పి మా సిరోంచలో ఎందరినో నవ్వించాను. అందులో ఒక మాట ఎప్పుడూ దాచాను. నడివయసు దాటుతున్న నాకు ఇప్పుడది చెప్పాలనిపిస్తోంది.

నా పడుచుతనంలో ఆయనా నేనూ గోదావరి మీద ఒకే పడవలో కాకినాడ వైపు వెళ్లాం. తీరం వెంట రేవురేవునా మనుషుల్ని ఎక్కించుకుంటూ పొగఓడలు సముద్రం దాటి రంగూన్‌కు వెళ్లడం కొత్తగా మొదలైన రోజులవి. ముసలాయన కొడుకు అలాగే ఎక్కి వెళ్లాడు, మళ్లీ కబురు లేదు. కాకినాడ రేవులో ఆ ఉదయం మంచుకు నీళ్లూ ఆకాశమూ ఒకటైపోయాయి. ఆయన ఒడ్డున నిలబడి, మా ప్రాణహిత నది అవతలున్న పడవవాణ్ణి కేకేసినట్టు, నోటి చుట్టూ చేతులు పెట్టుకుని, "ఓ... లచ్చయ్యా!" అని కొడుకును పిలిచాడు.

"రంగూన్ దాక ఇనవడాలె తాతా, జర గట్టిగ పిలువు!" అన్నాను. రేవంతా నవ్వింది. నా కథ ఎప్పుడూ ఇక్కడే ఆగేది.

ఆయన కోపపడలేదు. "ఇనవడదని నాకెర్కలేదా బిడ్డా? గింత దూరమొచ్చి పిలువకుంట ఎట్ల పోత?" అన్నాడు.

మళ్లీ పిలిచాడు. చెవి వెనక చెయ్యి పెట్టి నీళ్లవైపు వంగాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆయన పక్కన నిలబడి నేను కూడా ఆ నీళ్లవైపు చెవి ఒగ్గాను.