అతుకు కింద నంబరు

నాకు తెలిసిన ఒక మాటను చెప్పాల్సిన చోట చెప్పలేదు. పదేళ్లు దాటింది. ఒక బండి నంబరు ఎక్కడుందో చెప్పడం, అంతే ఆ మాట. ఇంతేనా అని మీకు అనిపించవచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఇంతే గదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ని. కొన్నాళ్లు ఆ మాట పనిచేసింది. తరువాత అది కూడా పనిచేయడం మానేసింది.

నా పేరు రాయడం లేదు. మిగిలినవాళ్ల పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

మద్రాసు నుంచి ఆంధ్ర విడిపోయి కర్నూలు రాజధాని అయిన కొత్తలో సంగతి. ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డు పక్కన ఒక షెడ్డులో నేనూ ఓబులేసూ పనిచేసేవాళ్లం. షెడ్డు యజమాని ముసలి సాయబు. ఆయన్ను అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బండ్లు అప్పటికీ మా వైపు వస్తుండేవి. విరిగిన పికప్పు ఒకటి తెచ్చి, చాసిస్ అనే కింది ఇనుప చట్రం సరిచేసి, వేరే బండి ఇంజను ఎక్కించి, వెనక చెక్క తొట్టి కట్టి, వేరుశనగ మూటలకో బట్టల బేళ్లకో పనికొచ్చేలా చేయడం మా పని. ఇంజను పని ఓబులేసుది. చాసిస్ పని నాది. విరిగిన ఇనుముకు అతుకు వేయడం, రివెట్లు కొట్టడం, కింద దూరి పడుకోవడం.

రెండు మూడు బండ్ల సామాను కలిపి ఒక బండి చేసినప్పుడు అది ఏ బండి అని చెప్పేది చాసిస్ మీద గుద్దిన నంబరే. ఇంజను మారవచ్చు, తొట్టి మారవచ్చు. ఆ నంబరు కాగితాల్లోని నంబరుతో సరిపోతే బండి మీ సొంతం. అది కనపడకపోతే దొంగబండి అనుకుంటారు. అందుకే మా పనిలో ఒక పద్ధతి ఉండేది. నంబరు ఉన్నచోట ఇనుము పగిలితే అతుకును లోపలివైపు వేస్తాం. బయటివైపు ఎన్నడూ వేయం. పనికి కొత్తగా చేరినవాడికి కూడా ఇది తెలుసు.

ఓబులేసుకు సొంతంగా ఒక బండి వచ్చింది. అతని భార్య నాగమ్మ అన్న మల్లయ్య లారీ డ్రైవరు, పులివెందుల దగ్గర వేముల అనే ఊరివాడు. మద్రాసులో మిలిటరీ వేలంలో ఒక పికప్పు కొని, చెల్లెలి మొగుడు బాగుపడాలని ఆ బండిని అతనికి ఇచ్చాడు. మట్టికొట్టుకుపోయి, ముందు స్ప్రింగు దగ్గర చాసిస్ పగిలి వచ్చింది. మేమిద్దరం ఒకేసారి ఆ షెడ్డులో చేరినవాళ్లం. ఒకే పళ్లెంలో తిన్నవాళ్లం. నాకెందుకు అలాంటి బావమరిది లేడు? ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పే చెవి అతనికే ఎందుకు వచ్చింది? ఉస్తాద్ నోట నా పేరు కంటే ముందు అతని పేరే ఎందుకు వస్తుంది? ఈ ప్రశ్నలు నేను ఎవరినీ అడగలేదు. రోజూ అతని పక్కన కూర్చుని అన్నం తింటూ లోపల్లోపల అడుగుతూ ఉండేవాణ్ని.

పగిలినచోట మట్టి గీకి కిరోసిన్‌తో తుడిచాను. నంబరు కనపడింది. అంకెలు చెక్కుచెదరలేదు. అతుకు లోపలివైపు వేయాలి, ఓబులేసును పిలిచి నంబరు చూపించాలి. అనుకున్నాను. పిలవడానికి నోరు తెరిచాను కూడా. అంతలో అతనే వచ్చి బండి మీదికి ఎక్కి, ఇంకా సీటు కూడా లేని చోట పీట వేసుకుని కూర్చున్నాడు. స్టీరింగు పట్టుకుని కిందున్న నన్ను చూసి నవ్వాడు.

"ఏం మామా, ఎట్లుండాది? నీకు కింద పండుకునే రాత, నాకు పైన కూసునే రాత. ఏం జేస్తాం!"

షెడ్డులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అది వేళాకోళమే. అలాంటివి రోజుకు పది అనుకునేవాళ్లం. అతను వెళ్లాక అతుకు పట్టీని బయటివైపు పెట్టి, నంబరు మీదుగా రివెట్లు కొట్టాను. నల్లరంగు పూశాను.

కావాలనే చేశానా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగాను. లోపలివైపు బ్రాకెట్టు అడ్డం వచ్చిందని, పట్టీ సరిగా కూర్చోదని ఆ పూట అనుకున్నట్టు గుర్తు. బ్రాకెట్టు విప్పితే పోయేది. ఎన్ని బండ్లకు విప్పలేదు? తరువాత చెబుదాంలే అనుకున్నాను. ఆ తరువాత అనేది రాకుండా చూసుకున్నది కూడా నేనే.

బండి తయారైంది. మొదటిసారి జమ్మలమడుగు దాకా నడిపి చూడాలని ఓబులేసు నన్నే పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దారిలో తెలిసినవాళ్లు చేయి ఎత్తితే హారన్ కొట్టాడు. జమ్మలమడుగు బజారులో ఒక బట్టల వ్యాపారి మా దగ్గరికి వచ్చి, "ఏం ఓనరు గారూ, మా బేళ్లు ఏస్తావా?" అన్నాడు. ఓబులేసు నా భుజం మీద చేయి వేసి, "చాసిస్ కట్టింది ఈయప్పే సెట్టీ, ఎంత బరువన్నా ఎయ్యి" అన్నాడు. అప్పుడైనా సంతోషించాలి గదా. ఆ చేయి నా భుజం మీద ఉన్నంతసేపూ నాకు ఒళ్లు మండింది. మెచ్చుకోవడానికి కూడా ఓనరే కావాలా అనుకున్నాను.

వారం తిరగకుండా తనిఖీ. బ్రేకు ఇన్‌స్పెక్టరు షెడ్డుకే వచ్చాడు. బ్రేకులు, దీపాలు చూశాడు. కాగితం, పెన్సిలు తీసి నంబరు అచ్చు తీసుకోవడానికి వంగాడు. నంబరు లేదు. ముందు చూశాడు, పక్కన చూశాడు, రంగు గీకించాడు. ఇంజను నంబరు చూస్తే అది కాగితాల్లో లేనిది. మార్చిన ఇంజను మరి. ఓబులేసు మొహం పాలిపోయింది. అతను ఇంజను మనిషి, మట్టి కింద ఉన్న నంబరును ఎన్నడూ చూడలేదు. బావమరిదిని నమ్మి బండి తీసుకున్నాడు.

ఇన్‌స్పెక్టరు లేచి నిలబడి, "చాసిస్ పని ఎవరు చేసింది?" అన్నాడు.

"నేనే సార్."

"నంబరు చూసినావా?"

ఉస్తాద్ నా వైపు చూస్తున్నాడు. ఓబులేసు నా వైపు చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు, ఆశ ఉంది. నాలుగు రివెట్లు కోస్తే పోయేది.

"తుప్పు శానా పట్టిండె సార్."

అంతే అన్నాను. అబద్ధం కాదు. తుప్పు పట్టిన మాట నిజమే. నిజాన్నే అడ్డం పెట్టుకుని అబద్ధమాడవచ్చని నాకు ఆ రోజే తెలిసింది. నంబరును తుప్పు తినేసిందో, అంతకుముందే ఎవడో గీకేశాడో, అందరూ తలా ఒకటి అనుకున్నారు. అతుకు కింద వెతకాలని ఎవరికీ తోచలేదు. నంబరు మీద అతుకు వేసేవాడు ఉంటాడని మా పని తెలిసినవాడెవడూ అనుకోడు. ఉస్తాద్ కూడా అనుకోలేదు. నా పనిని ఆయన అంతగా నమ్మాడు.

దొంగబండి అన్న అనుమానంతో పోలీసులు బండిని స్టేషను వెనక నిలబెట్టారు. ఓబులేసును కొన్నాళ్లు లోపల ఉంచారు. వేలం కాగితాలు మద్రాసులో వెతకాలి. ఆఫీసులు అప్పుడే రెండుగా పంచుకుంటున్నారు, రాసిన ఉత్తరానికి జవాబు లేదు. పోలీసులు వేములకు పోయి మల్లయ్యను కూడా పట్టుకొచ్చారు. స్టేషను ముందర బావాబావమరుదులు ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నారు. దొంగబండిని అంటగట్టినావని ఇతను, మంచి బండి ఇస్తే నంబరు గీకి ఇంగోదానికి ఏసుకున్నావని అతను. ఇద్దరినీ విడదీసిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఓబులేసును వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాను. అతని గుండె కొట్టుకోవడం నా చేతులకు తెలిసింది.

నాగమ్మ తన అన్నను నమ్మలేదు, మొగుణ్ని నమ్మింది. "నా మొగుణ్ని దొంగను జేసినోని గడప నేను తొక్కను" అని అందరి ముందరా అంది. ఆ మాట మీదే నిలబడింది.

మీరు నమ్ముతారో లేదో, అప్పటికీ నా అసూయ చావలేదు. బండి పోయింది, పేరు పోయింది, ఇంకా అతని దగ్గర ఏముంది అసూయపడటానికి? కోర్టు వాయిదాలకు నాగమ్మ సద్ది మూట పట్టుకుని అతని వెంట నడుస్తుంటే చూశాను. నాకు అలాంటిది జరిగితే నా భార్య అలా నడుస్తుందా అని ఆలోచించాను. ఇంత పోగొట్టుకున్నాక కూడా నాకు లేనిదేదో అతని దగ్గర మిగిలే ఉంది.

కేసు నిలబడలేదు. బండి పోయిందని ఫిర్యాదు ఇచ్చినవాడు లేడు. అది ఓబులేసుదేనని చూపించే నంబరూ లేదు. చివరికి దాన్ని పాత ఇనుము కింద వేలం వేశారు. ఎవరి చేతికో పోయి విరగడం చూడలేక ఉస్తాదే పాడుకున్నాడు. విరగ్గొట్టే పని నాకే చెప్పాడు. షెడ్డులో ఎవరూ లేని మధ్యాహ్నం ఆ రివెట్లు కోశాను. నంబరు అలాగే ఉంది. అతుకు కింద తడి తగలక, మొదటి రోజుకంటే స్పష్టంగా కనపడింది. అప్పుడు కూడా సమయం మించిపోలేదు. ఆ ముక్కను చేతిలో పట్టుకుని ఉస్తాద్ ఇంటికి నడిస్తే చాలు. నేను దాన్ని నాలుగు ముక్కలు చేసి తుక్కు కుప్పలో కలిపాను. మొదటిది కోపంలో చేశాను, రెండోది భయంలో అన్నాను. మూడోదానికి ఏ పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

దొంగబండి ఓబులేసు అనే పేరు ప్రొద్దుటూరులో మిగిలిపోయింది. అతను జమ్మలమడుగుకు పోయి, బావుల దగ్గర ఆయిలింజన్లు బాగుచేసుకుంటూ బతికాడు. ఉస్తాద్ కాలం చేశాడు. షెడ్డు నా చేతికి వచ్చింది. కోరుకున్నదే. ఓనరు గారూ అని నన్నూ పిలిచారు. పిలిచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, వేరే ఎవరినైనా పిలిచారేమోనని చూసుకునేవాణ్ని.

ఈ మధ్య ఒకరోజు మల్లయ్య తన లారీ చాసిస్ పగిలితే నా షెడ్డుకే వచ్చాడు. జుట్టు నెరిసింది. పని జరుగుతుంటే పక్కన గొంతుక్కూర్చుని అడిగాడు.

"అప్పా, నువ్వు జమ్మలమడుగు పక్కకు పోతాంటావా? మా చెల్లెలు ఎట్లుండాది?"

"బాగుండాది."

"ఎంతమంది పిల్లోల్లు?"

"ఒక కూతురు."

"పేరేంది?"

చెప్పాను. అతను ఆ పేరును ఒకసారి మెల్లగా అనుకున్నాడు. "మా అమ్మ పేరు" అన్నాడు. "మా అమ్మ పోయినప్పుడు మనిషిని పంపిస్తి. తలుపు గూడా తీయలేదంట. పేరు మాత్రం పెట్టుకునింది జూడు." పని అయ్యాక లారీ ఎక్కి వెళ్లిపోయాడు.

మరునాడు నేను జమ్మలమడుగు బస్సెక్కాను. ఓబులేసు ఇంటి ముందర ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. నాగమ్మ, "రాన్నా, ఎన్నాళ్లకు!" అంటూ చెంబుతో నీళ్లు తెచ్చింది. తాగలేదు. నిలబడే చెప్పాను. అతుకు దగ్గరనుంచి తుక్కు కుప్ప దాకా. ఓబులేసు చేతిలోని స్పానరు కింద పెట్టలేదు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఆ ముక్క యాడుంది ఇప్పుడు?" అన్నాడు.

"కరిగిపోయింటాది. నా మాట తప్ప ఏం లేదు."

"ఎందుకు జేసినావు మామా?" అని అడిగాడు. ఇన్నేళ్లుగా సిద్ధం చేసుకున్న జవాబులన్నీ పక్కన పెట్టాను. "నీకు బండి ఉండె, నాకు లేకపోయె" అన్నాను. అతను మళ్లీ ఇంజను మీదికి వంగాడు. ఆ తరువాత నాతో మాట్లాడలేదు. ఈ రోజుకీ మాట్లాడలేదు.

నాగమ్మ చెంబు పక్కన పెట్టి లోపలికి పోయి, చీర మార్చుకుని వచ్చింది. "నడువు" అంది. ఈసారి అన్నా అనలేదు.

"యాడికి తల్లీ?"

"వేములకు. మా అన్న గడప బయట నిలబడుకోని, వీధి వీధంతా ఇనేట్టు ఇదే మాట చెప్పల్ల నువ్వు. చెప్పినాకనే నేను లోపలికి అడుగుపెడతా."

పులివెందులలో బస్సు మారినప్పుడు కూడా ఆమె నా పక్కన నిలబడలేదు. వేములలో మల్లయ్య ఇంటి ముందర ఆమె ఆగిపోయింది. మల్లయ్య బయటికి వచ్చి, చెల్లెల్ని చూసి గుంజ పట్టుకున్నాడు. చుట్టుపక్కలవాళ్లు బయటికి వచ్చారు. ఆమె నా వైపు తిరిగి చూసింది. మొదటిసారి నాకు మాత్రమే వినపడేట్టు చెప్పాను. "గట్టిగా" అంది ఆమె.

గట్టిగానే చెప్పాను.

"మల్లయ్యా, నువ్విచ్చింది మంచి బండి. దాని నంబరు ఎవురూ గీకలే. దాని మింద అతుకు ఏసి దాచిపెట్టింది నేను. ఓబులేసు దొంగ గాదు, నువ్వూ దొంగ గాదు. కండ్లు కుట్టి నేను జేసినా. మీ అమ్మ పోయిననాడు నీ చెల్లెలు ఈడికి రాకపోయిందానికి గూడా నేనే కారణం. తప్పైపోయింది. క్షమించండని అడిగే మొగం నాకు లేదు. అయినా అడుగుతాండా."