చెల్లి దిగిందా

బిష్కెక్ నగరంలో రొట్టెలు కాల్చి బతికే బత్మాకాన్, కొండల అవతలున్న ఓష్ ఊళ్లో అక్క చివరి గడియల్లో ఉందని విని విమానాశ్రయానికి పరుగెత్తింది. కౌంటర్లో అమ్మాయి టికెట్ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మేశారక్కా. రేపటి విమానంలో పంపిస్తాం."

"రేపటిదాకా మా అక్క ఆగుతుందా తల్లీ?"

బత్మాకాన్ టాక్సీలో కొండదారి పట్టి మర్నాడు చేరేసరికి అక్కకు మట్టి ఇచ్చేశారు.

"విమానం చప్పుడైనప్పుడల్లా 'చెల్లి దిగిందా' అని అడిగింది పిన్నీ. దిగింది, దారిలో ఉందని చెబుతూనే ఉన్నాం," అంది అక్క కూతురు.

ఇప్పటికీ ఇంటిమీదుగా విమానం వెళ్తే బత్మాకాన్ చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వస్తుంది. "వస్తున్నానక్కా" అని గొణుక్కుంటుంది. ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఎవరు పిలిచినా పలకదు.