ముత్లా గుట్ట మీది పన్నెండో ఫింజాన్

ఇది కల అనుకునేవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లండి. పద్దెనిమిదేళ్లుగా కువైట్‌లో, మిష్రిఫ్ పేటలో ఒకే ఇంట్లో వంట చేస్తున్నాను. ఒక్క చెంచా లెక్క తప్పలేదు.

పోయిన చలికాలం, గురువారం. నేను ‘మామా’ అని పిలిచే మా యజమానురాలి కుటుంబం ముత్లా గుట్ట కింద డేరా వేసింది. రాత్రి ఎనిమిదీ నలభైకి అందరూ పక్క డేరాకు వెళ్లారు. నేనొక్కదాన్నే... కూజా నిండా కాఫీ, పన్నెండు ఫింజాన్లు. పిడి లేని చిన్న కప్పులవి.

గుట్ట మీద రాళ్లు జారాయి. గలగల... ఆగింది. మళ్లీ గలగల... నల్ల అబాయాలో ఒక ముసలామె దిగివచ్చి నిప్పు పక్కన కూర్చుంది.

ఇక్కడ ఇంటికి వచ్చినవాళ్లను ఎవరని అడగరు, ముందు కాఫీ పోస్తారు. కప్పులో మూడో వంతే. నిండా పోస్తే లేచి వెళ్లిపొమ్మని అర్థం. చాలనుకుంటే వాళ్లే కప్పు ఊపాలి.

పోశాను. తాగింది. ఊపలేదు. మళ్లీ పోశాను. మూడుసార్లు... ఏడు... పదకొండు... ఇరవై రెండు... మింగిన చప్పుడే లేదు. నిప్పు వెలుగులో నా నీడ ఇసుక మీద పొడవుగా పడింది. ఆమె వెనక ఇసుక... ఉత్తదే.

అయినా గట్టిగానే అన్నాను. "ఇరవై రెండు పోశానమ్మా. ఖలాస్! కప్పు ఇటివ్వు."

ఆమె లేచి, కప్పుతోనే గుట్ట ఎక్కింది. ఈసారి ఒక్క రాయీ జారలేదు...

తెల్లారి లెక్కపెడితే ఫింజాన్లు పదకొండే ఉన్నాయి. జరిగింది చెప్పాను.

"నీకు మతి పోయింది. రంజాన్ అయ్యాక ఊరికి పంపేస్తా" అంది మామా.

రాయచోటి డ్రైవర్ ఖాజా నవ్వాడు. "ఏం పెద్దమ్మా, దయ్యాలకు హోటల్ పెట్టినావా?"

"నవ్వు నాయనా. పైకి పోయి తెస్తా, సూడు."

మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. ఆరు వందల పన్నెండు అడుగులు. కొన మీద, బల్లపరుపు రాయిపై ఫింజాన్. అందులో కాఫీ... పొగలు కక్కుతోంది. అంచు దాకా... నిండుగా.

చుట్టూ నా అడుగులు తప్ప వేరేవి లేవు.

ఒక్క గుక్కలో తాగేశాను. కప్పు ఊపాను. కొంగున కట్టుకుని దిగి మామా ముందు పెట్టాను. "లెక్కపెట్టు."

ఆమె రెండుసార్లు లెక్కపెట్టింది. పన్నెండు. ఊరికి పంపే మాట మళ్లీ ఎత్తలేదు.

ఆమె ఎవరో, ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఆ నిండు కప్పుతో నన్ను గుట్ట దిగి పొమ్మందా... కువైట్ వదిలి పొమ్మందా... అదీ తెలియదు.

నేనైతే వెళ్లలేదు.