ఏటేటా పలచబడ్డ ఇనుప ముక్క

ఇందులో నేను రాయబోయే ప్రతి మాటా నిజం. పిల్లల మీద ఒట్టు వేస్తే మా ఇంట్లో ఒప్పుకోరు. దేవుడి మీద వేస్తే ఆయనే నమ్మడు. అందుకని బల్ల మీదున్న పన్నెండంగుళాల ఆకురాయి మీద ఎడమ అరచెయ్యి ఆనించి, కుడిచేత్తో రాస్తున్నాను. గరుకు పళ్ళ ఆకురాయి ఇది. అబద్ధమాడి చెయ్యి జారితే తోలు ఊడి వస్తుంది.

మాది రాయపూర్‌లో గుఢియారీ. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే వేగన్ల మరమ్మతు పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ఐటీఐలో ఫిట్టర్ పని నేర్చుకుని, ఊరి పక్కన ఫ్యాక్టరీలుండే ఉర్లాలో ఒక షెడ్డులో ఎనిమిదేళ్ళు ఇనుము కోసి, రాకి, అతికించాను. అప్పటికి రాష్ట్రం కొత్తగా వచ్చింది. ఊరి చుట్టూ వరిమళ్ళలో ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. అలాంటి ఒక కాలేజీలో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టరుగా చేరాను. మొదటి వానకి మా వర్క్‌షాపు గచ్చు పగుళ్ళలోంచి వరి మొలకలు వచ్చాయి. హాజరు పట్టీలో ఉన్న పిల్లలకంటే అవే ఎక్కువ క్రమం తప్పకుండా కనిపించేవి.

మొదటి ఏడాది పిల్లలందరికీ ఫిట్టింగ్ అని ఒక ప్రాక్టికల్ ఉంటుంది. అరచేతిలో పట్టే రెండు ఇనుప పలకలు ఇస్తాం. ఒకదానిలో చదరంగా గాడి కొయ్యాలి. రెండోదానికి ఆ గాడిలో సరిగ్గా కూర్చునే నాలుక తియ్యాలి. రెండూ కలిపి కిటికీకి ఎత్తి పట్టుకుంటే అతుకులోంచి వెలుతురు రాకూడదు. దీన్ని జాబ్ అంటారు. చివర్న అంకెల పంచ్ పెట్టి సుత్తితో తమ రోల్ నంబరు కొట్టుకుని పరీక్షలో చూపించాలి.

చేరిన ఏడు పిల్లలకి చూపించడానికి ఒక జాబ్ నేనే చేశాను. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, దాని అతుకులోంచి వెలుతురు మాట అటుంచండి, నీళ్ళు కూడా పోవు. ఒక చీమ ఆ అతుకు వెంట దారి వెతుక్కుంటూ పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగి విరమించుకుంది. కొంటెతనం కొద్దీ, గాడి లోపలి మూలలో ఎవరికీ కనపడకుండా పంచ్‌తో ఒక చుక్క పొడిచాను. నా సంతకమనుకోండి.

ఆ ఏడు పరీక్షలకి వారం ముందు అది గోడకున్న చెక్క మీంచి మాయమైంది. పరీక్షనాడు ఎవరో కుర్రాడి రోల్ నంబరుతో నా బల్ల మీదికే వచ్చింది. మూలలో చుక్క చూసి గుర్తుపట్టాను. నా పని మీద నాకెప్పుడూ కాస్త అసంతృప్తే కాబట్టి ఇరవై ఐదుకి ఇరవై రెండు వేశాను.

తర్వాతి ఏడు మళ్ళీ వచ్చింది, ఇంకో నంబరుతో. ఆపై ఏడు మళ్ళీ. మా దగ్గర అది ఆనవాయితీ. సీనియర్లు రికార్డు పుస్తకంతో పాటు జాబ్ కూడా జూనియర్లకి అప్పగించిపోతారు. కొత్తవాళ్ళు పాత నంబరుని గ్రైండర్ మీద అరగదీసి, తమది కొట్టుకుంటారు. పిల్లలు నాలుగేళ్ళలో చేసే ఇంజనీరింగ్ ఆ ఒక్క నిమిషమే. నంబరు పోయినప్పుడల్లా ఇనుమూ కొంచెం పోయేది. బిస్కెట్టంత మందం ఉన్నది పన్నెండో ఏటికి అప్పడమైంది. ఒక పరీక్షకి ఫ్యాన్ గాలికి బల్ల మీంచి ఎగిరిపోతుంటే ఎగ్జామినర్ టీ కప్పు బరువు పెట్టి మార్కులు వేశాడు.

మరి నువ్వెందుకు ఊరుకున్నావని మీరు అడగాలి. అడగండి. ప్రతి ఏడూ కాలేజీ మొత్తానికి నా జాబే ఫస్టు వస్తుంటే నాకు లోలోపల బాగుండేది.

కొన్నేళ్ళకి ఇంజనీరింగ్ చదువు బాగుచెయ్యాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పిల్లలు చేసి నేర్చుకోవాలట. మా హెచ్‌ఓడీ మంచి మనిషి, ఉత్తర్వు ఏదొచ్చినా కాదనడు. చేసి నేర్చుకోవడం గురించి మమ్మల్ని హాల్లో రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పించాడు. ఆ తర్వాత వర్క్‌షాపుకి స్మార్ట్ బోర్డు వచ్చింది. దాని ముందు కుర్చీలకి చోటు కావాలని పది బెంచీల్లో ఆరు తీసి వెనక షెడ్డులో పడేశారు. ఆకురాయి ఎలా పట్టుకోవాలో పిల్లలు ఆ బోర్డు మీద చూసి, నోట్సు రాసుకునేవారు.

ఉత్తర్వులో ఇంకొకటి కూడా ఉంది. స్కూలు పిల్లలకి చిన్నప్పుడే ఇంజనీరింగ్ మీద ఇష్టం పుట్టించాలి. దాంతో బీర్‌గావ్ సర్కారీ స్కూలు నుంచి తొమ్మిదో తరగతి పిల్లల్ని బస్సులో తెచ్చారు. తలా ఒక కళ్ళద్దాల జోడు పెట్టి, చేతిలో తలకిందులుగా ఆకురాయి పెట్టి, ఫొటోలు తీశారు. మిగిలిన గంట వాళ్ళకి ఏదో ఒకటి చెప్పమని నాకు వదిలేశారు.

ఇలాంటి గంట నాకు వదలడమే తప్పు. బీర్‌గావ్ పక్కనుంచి పోయే గూడ్సుబండి ఇరుసు నేను ఆకురాయితో రాకి తీసిందే అన్నాను. ఈ కాలేజీలో చేరిన ప్రతి ఒక్కరూ నాలుగేళ్ళలో సొంత చేతులతో ఒక ఇంజను చేస్తారనీ, డిగ్రీ ఇచ్చే రోజున దాన్ని నడుపుకుంటూనే గేటు దాటుతారనీ, ఒకమ్మాయి ఇంజను ఆగకపోతే బిలాస్‌పూర్ దాకా పోయిందనీ చెప్పాను. పిల్లలు పగలబడి నవ్వారు. వెనక నిలబడ్డ ఒక పిల్ల మాత్రం నవ్వలేదు. తెలుగు పిల్ల. నేను తెలుగువాణ్ణని నా హిందీ వినగానే పట్టేసింది. బస్సు ఎక్కబోతూ వెనక్కి వచ్చి అడిగింది.

"మాస్టారూ, ఆ అమ్మాయి ఇంజన్‌కి బ్రేక్ ఏల పెట్టుకోలేదు?"

"మర్చిపోయిందమ్మా."

"నానైతే మరిచిపోను."

నాలుగేళ్ళ తర్వాత ఆ పిల్ల మా కాలేజీలో మెకానికల్‌లో చేరింది. మొదటి రోజు వర్క్‌షాపులో అందరి ముందూ లేచి, ఇంజన్ పని ఎప్పుడు మొదలెడతాం మాస్టారూ అంది. క్లాసు క్లాసంతా గొల్లుమంది. ఆమె ఇటు తిరిగి నా మొహం చూసింది. అప్పటికి ఆమెకి అర్థమైపోయిందనుకుంటాను. అయినా కూర్చుని పుస్తకం తెరిచింది.

ఆ వారంలోనే ఉర్లా సంతలో వాళ్ళ నాన్న కలిశాడు. రోలింగ్ మిల్లులో పనిచేసే మనిషి, ముంజేతుల నిండా కాలిన మచ్చలు. "మీ మాట మీదే సేర్పించినాను మాస్టారూ. ఇరవయ్యేళ్ళు ఎర్రటి ఇనుము పట్టకారుతో లాగినాను గానీ, అది ఏటవుద్దో నాకు తెల్దు. నా కూతురు తెలుసుకుంటే సాలు," అన్నాడు. నాకు వంకాయలు ఏరుకోవాల్సిన పని అర్జంటుగా గుర్తొచ్చింది.

ఇంజను ఎలాగూ చేయించలేను. కనీసం ఫిట్టింగ్ జాబ్ అయినా ఈ పిల్ల తన చేత్తో చేసి, దాంతోనే పాసవ్వాలని పట్టుబట్టాను. ఆమె కూడా పట్టుబట్టింది. క్లాసులయ్యాక వెనక షెడ్డులో పారేసిన బెంచీ ఒకటి నిలబెట్టి, ఇనుము బిగించే వైస్‌కి నూనె పోసి, రెండు నెలలు నేర్పాను. ఆకురాయికి సుద్ద రుద్దుకోవడం, ముందుకి తోసేటప్పుడే బలం పెట్టి వెనక్కి తీసేటప్పుడు తేల్చడం, మోచెయ్యి ఎత్తకుండా నడుం నుంచి కదలడం. అరచేతులు బొబ్బలెక్కి చిట్లాయి. రుమాలు చుట్టుకుని రాకేది. నా పాత జాబ్ కథ, మూలలో చుక్క కథ కూడా చెప్పాను. అది విని మాత్రం చాలాసేపు నవ్వింది.

చివరికి తన జాబ్ చేసింది. కిటికీకి ఎత్తి పట్టుకుంటే ఎడమ పక్కన వెంట్రుకంత వెలుతురు వచ్చింది. మొదటిసారి ఆకురాయి పట్టినవాళ్ళలో అంత సన్నటి గీత నేను ఉర్లాలో కూడా చూడలేదు. రోల్ నంబరు కొడుతుంటే పంచ్ జారి ఏడంకె పక్కకి ఒరిగింది. అదీ అందంగానే ఉంది.

పరీక్షకి వేరే కాలేజీ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. బల్ల మీద జాబులన్నీ వరసగా తళతళలాడుతున్నాయి. గ్రైండర్ మీద మెరుగు పెట్టినవి. వాటి మధ్య ఈ పిల్ల జాబ్ ఇంట్లో చేసిన రొట్టెలా ఉంది. ఆయన ఒక్కొక్కటీ ఎత్తి కిటికీలో చూసి మార్కులు వేసుకుంటూ పోయాడు. నా అప్పడానికి ఇరవై నాలుగు వేశాడు. ఈ పిల్లది ఎత్తి, వెలుతురు చూసి, ఫిట్టింగ్ కుదరలేదు అని హిందీలో రాసుకున్నాడు. ఇంకో అవకాశం ఇద్దామని కాబోలు, ఆకురాయి పనితీరు చెప్పమన్నాడు. ఆమె బల్ల మీదున్న ఆకురాయి తీసి, నిలబడి, తోసి చూపించబోయింది.

"బేటా, హాథ్ సే నహీ. ముహ్ సే బతావో," అన్నాడు. చేత్తో కాదు, నోటితో చెప్పు అని.

పుస్తకంలో ఉన్న నిర్వచనం ఆమెకి రాలేదు. ప్రాక్టికల్‌లో ఫెయిలు చేశాడు.

అప్పుడు నేను లేచాను. నా అప్పడాన్ని ఆయన ముందు పెట్టి, గాడి లోపలి చుక్క మీద వేలు పెట్టాను. "అయ్యా, మీరు ఇరవై నాలుగు వేసింది నాకు. ఈ పరీక్ష ఏటేటా నేనే పాసవుతున్నాను. ఈ గదిలో పిల్లలు చేసిన జాబ్ ఒక్కటే ఉంది, మీరు ఫెయిలు చేసినది," అన్నాను. వైస్‌లో కొత్త పలక బిగించి, ఒక్కొక్కరినీ వచ్చి రాకమన్నాను. ఫస్టు వచ్చినవాడు ఆకురాయిని పిడి లేని వైపు పట్టుకున్నాడు. రెండోవాడు దాన్ని వెనక్కి లాగాడు. మూడోవాడు దాని స్విచ్ కోసం వెతికాడు. ఆ పిల్ల వచ్చి, సుద్ద రుద్ది, నాలుగంటే నాలుగు సార్లు తోసింది. ఇనుప రజను సన్నగా జారి ఆయన బూటు మీద పడింది. ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మార్కు కొట్టేసి పక్కన ఇరవై ఐదు వేశాడు. మా హెచ్‌ఓడీ చప్పట్లు కొట్టాడు. వచ్చే ఏడు నుంచి బెంచీలన్నీ తిరిగి లోపలికి తెప్పిస్తానన్నాడు. సరిగ్గా అప్పుడే బీర్‌గావ్ వైపు నుంచి గూడ్సుబండి కూత వేసింది.

చెయ్యి తిమ్మిరెక్కింది. ఆకురాయి మీంచి తీసేస్తున్నాను.

చీమ నిజం. వరి మొలకలు నిజం. జాబ్ పలచబడటం నిజం, అది గాలికి ఎగరలేదు గానీ కాస్త కదిలింది. టీ కప్పు పెట్టిన మాట నిజమే. స్మార్ట్ బోర్డు, షెడ్డులో బెంచీలు, స్కూలు పిల్లలకి చెప్పిన ఇంజను కథ, అన్నీ జరిగినవే. మీరు నమ్మనివన్నీ నమ్మవచ్చు.

నేను లేచాను అన్నది ఒక్కటే కల్పన. నేను లేవలేదు. ఎగ్జామినర్ పక్క కుర్చీలో, కాలేజీ తరఫు ఇంటర్నల్ ఎగ్జామినరుగా కూర్చున్నది నేనే. జాబితా నా వైపు జరిపాడు. చుక్క సంగతి చెబితే, ఇన్నేళ్ళూ తెలిసి సంతకాలు పెట్టినవాణ్ణి నేనే అవుతాను. పెన్ను తీసి, ఆ పిల్ల నంబరు పక్కన కూడా సంతకం పెట్టాను. ఆమె నా వైపు చూడలేదు. రుమాలు చేతికి చుట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయింది.

మరుసటి ఏడు ఆ పరీక్ష మళ్ళీ రాయడానికి వచ్చింది. బల్ల మీద తన జాబ్ పెట్టింది. తీసి చూశాను. గ్రైండర్ మీద పెట్టింది కాదు. పాత నంబరుని ఆకురాయితో, సుద్ద రుద్ది, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి, ఎక్కడా పల్లం పడకుండా తీసింది. ఆ చేతివాటం నేను నేర్పినదే. కొత్త నంబరులో ఏడంకె తిన్నగా నిలబడింది. గాడి లోపల నా చుక్క అలాగే ఉంది.

"కిటికీలో సూసుకోండి మాస్టారూ," అంది మెల్లగా. "ఈపాలి వెలుతురు రాదు."

ఇరవై నాలుగు వేశాం.