పరారుణ అంటే పరారు కాదు

పరారుణ అనే మాట ఈ జన్మలో ఎన్నిసార్లు పలికానో లెక్కలేదు. ఉదయం సూర్యాపేటలో, మధ్యాహ్నం కోదాడలో, వారంలో రెండు రోజులు మిర్యాలగూడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పేవాణ్ని. మూడు ఊళ్లు, మూడు ప్రైవేటు కాలేజీలు, మధ్యలో బస్సులు, ఆ బస్సుల్లో నిలబడి తీసే కునుకు. ఇది చాలదన్నట్టు ఆదివారాలు పల్లెటూరి బళ్లలో ఆకాశం గురించి ఉపన్యాసాలు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనేది మా ఆవిడ. ఒప్పుకున్నవాణ్ని నేనే కాబట్టి నోరు మూసుకుని ప్రొజెక్టరు సంచి భుజాన వేసుకునేవాణ్ని. అలాంటి ఒక ఆదివారం, తుంగతుర్తి వైపు ఒక బడికి, పారిపోయిన తమ్ముణ్ని వెతుక్కుంటూ ఒక అక్క వచ్చింది. ఆమెను నా దాకా తెచ్చింది ఆ మాటే.

నేను చెప్పే విషయం ఎక్కడైనా ఒకటే. ఎరుపు రంగుకు అవతల ఒక వెలుగు ఉంది. అది కంటికి ఆనదు, ఒంటికి వేడిగా మాత్రం తగులుతుంది. అదే పరారుణం. గ్రహాలు, వాటి చుట్టూ తిరిగే చందమామలు, తోకచుక్కలు, దుమ్ము మబ్బుల చాటున పుడుతున్న నక్షత్రాలు, మామూలు వెలుగుకు చిక్కనివి కూడా దీనికి చిక్కుతాయి. మన గాలి అడ్డం రాకూడదని ఒక టెలిస్కోపును ఏకంగా అంతరిక్షంలోకే పంపారు. దాని ఒంటి వేడి దాని చూపుకే అడ్డం గనక, చల్లగా ఉండటానికి ద్రవ హీలియం నింపి పంపారు. 2009లో ఆ హీలియం కాస్తా అయిపోయింది. అప్పటినుంచి సగం చూపుతోనే పని లాగిస్తోందని చెప్పేటప్పుడు నా గొంతులో జాలి పలికేది. నా సంగతీ అంతకంటే మెరుగ్గా ఏమీ లేదు మరి.

ఆ బడి హెడ్మాస్టరు హుషారైన మనిషి. పొద్దున్నే ఒక ఆటోకు మైకు కట్టించి చుట్టుపక్కల ఊళ్లన్నీ తిప్పించాడు. “పరారుణ కెమెరాతో ఆకాశంలో వింతలు” అని చెప్పి పంపిన మాట ఆటో అతని నోట్లో నలిగి నలిగి, మధ్యాహ్నానికి ఇలా తేలింది: “పరారున్నోళ్లను సూపే కెమెరా వచ్చింది! సీకట్ల దాక్కున్నా కనపడతరు! అందరు రావాలె!” ఇది నాకు తర్వాత తెలిసింది. సాయంత్రం వరండా దాకా నిండిన జనాన్ని చూసి, ఇన్నాళ్లకు మనవాళ్లకు సైన్సు మీద మనసు మళ్లిందని పొంగిపోయాను.

ఆమె ముందు వరసలో పిల్లల మధ్య నేల మీద కూర్చుంది. ముప్పై దాటి ఉంటాయి. శనిగ్రహం వచ్చి పోయింది, తోకచుక్క వచ్చి పోయింది, ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత, నల్ల ప్లాస్టిక్ సంచిలో చెయ్యి దూర్చిన మనిషి బొమ్మలు రెండు వేశాను. మామూలు ఫొటోలో సంచి ఒక్కటే కనబడుతుంది. పరారుణ ఫొటోలో లోపలి వేళ్లు కూడా కనబడతాయి. ఆమె చటుక్కున లేచి నిలబడింది.

“సారూ, గిట్లనే మా తమ్మున్ని సూపియ్యిండ్రి.”

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వుల మధ్యే ఆమె చెప్పుకుపోయింది. తమ్ముడు గొర్లు కాసేవాడు. మందను హైవే దాటిస్తుంటే కొన్ని లారీ కింద పడ్డాయి. నాయిన కొడతాడని భయపడి అటునుంచి అటే పోయాడు. మిర్యాలగూడ రైసుమిల్లులో చూశామని ఒకరు, కోదాడ హోటల్లో చూశామని ఒకరు చెబితే వెళ్లి వెతికారు. లేడు.

“పరార్ ఉన్నోళ్లు కనపడతరని మైకుల సెప్పిండ్రు గద,” అంది.

ఆటో అతను గోడ వైపు తిరిగాడు. నవ్వులు ఆగిపోయాయి. “పరారుణ అంటే పరారు కాదమ్మా,” అని మొదలుపెట్టి, అది నక్షత్రాలను చూసే యంత్రమనీ, మనుషులను వెతకదనీ చెప్పాను. నేను ఇందాకటినుంచి చెప్పిందంతా ఆమె శ్రద్ధగా వింది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

“సలువ అయిపోయిందన్నరు గద. ఇంటికి తెచ్చి మల్ల నింపరాదుండ్రి?”

“అది ఏటికేడు మనకు దూరంగా జరిగిపోతోందమ్మా. ఇక రాదు.”

“రాడా సారూ?”

ఒక్క అక్షరం తేడా. నేను టెలిస్కోపు గురించి అన్నాను, ఆమె తమ్ముడి గురించి విన్నది. చదువుకున్నవాడు మైకు పట్టుకుని నలుగురిలో నీ తమ్ముడు రాడని తేల్చేసినట్టయింది. “మీ తమ్ముడి మాట కాదమ్మా, ఆ యంత్రం మాట,” అని మళ్లీ మళ్లీ చెప్పాను. కానీ అలసట ఎంత పాడుదంటే, ఆ క్షణంలో కూడా నా మనసులో సగం సూర్యాపేట బస్సు దగ్గరే ఉంది.

సంచి సర్దుకుంటుంటే ఆమె దగ్గరికొచ్చింది. “మీరు మిర్యాలగూడ, కోదాడ అన్ని తిరుగుతరంట గద సారూ. పోయిన కాడల్లా మైకుల జర ఒక్క మాట సెప్పుండ్రి. గొర్లు పోయినందుకు ఎవ్వరేమనరు, నాయిన గూడ ఏమనడు, ఇంటికి రమ్మనుండ్రి.”

“పేరేంటమ్మా?”

“పేరు సెప్పకుండ్రి. పేరు ఇంటే మల్ల ఉరుకుతడు.”

చెప్పాను. నిడమనూరులో చెప్పాను, చిలుకూరులో చెప్పాను, 2014 దాకా ఎక్కడ మైకు ఇస్తే అక్కడ చెప్పాను. తోకచుక్కల వెనకాల ఈ గొర్లేమిటని పిలిచినవాళ్లు ముఖం చిట్లించేవారు. జనమేమో అది నా చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లకు ఒళ్లు మండేది. తమ్ముడు మాత్రం ఎక్కడా లేచి రాలేదు. చెప్పి చెప్పి ఆ మాట కూడా నాకు పాఠంలాగే అరిగిపోయింది.

ఆఖరి ఏడాది కోదాడలో, అందరూ వెళ్లిపోయాక ఒక మనిషి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. యాభై దాటినవాడు, గడ్డం నెరిసింది.

“ఆ మాట మిమ్మల్ని ఎవరు చెప్పమన్నారు సార్?”

“ఒక అక్క. తుంగతుర్తి దగ్గర.”

అతను తల దించుకున్నాడు. “మాది అటు కాదులెండి. మావి గొర్రెలు కూడా కాదు, బర్రెలు.” రెండడుగులు వేసి ఆగాడు. “అయినా సార్... మావాళ్లు కూడా ఏమీ అనరంటారా?”

అతని వాళ్లెవరో నాకు తెలియదు. వాళ్లలో ఎవరు మిగిలారో అతనికీ తెలిసినట్టు లేదు.

“ఏమీ అనరు. వెళ్లండి,” అన్నాను.