ఉంగరపు వేలికి రెండు రంగులు

కామారెడ్డిలో నర్సింగ్ చదివే పిల్లలు చూసి నేర్చుకునే చేతి బొమ్మకు నరాలు పెట్టింది నేనేనని ఎల్లారెడ్డి బస్టాండు హోటల్లో చెప్పుకుంటుంటాను. పెట్టింది నా చిన్న బిడ్డ. నేను రంగు వేశాను. ఆ రంగు కూడా ఒకచోట తప్పు వేశాను.

నలభై ఏళ్లు దుకాణాల బోర్డులు రాసినవాణ్ణి. జిల్లాలో నా కుంచె తగలని గోడ లేదు. అంటే, పిట్లం దాటి పోలేదనుకోండి. బిడ్డకు ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం రావాలంటే, ముందు ఒక క్లాసు చెప్పి మెప్పించాలి. అందుకోసం కంప్యూటర్లో చెయ్యి బొమ్మ తయారుచేసి, కామారెడ్డిలో మిషన్ మీద ప్లాస్టిక్‌తో అచ్చు తీయించింది. తెల్లటి అరచెయ్యి, నరాలు పైకి తేలి ఉన్నాయి. మణికట్టు నడుమ నుంచి వచ్చే నరానికి పసుపు, చిటికెన వేలి పక్క నుంచి వచ్చేదానికి ఆకుపచ్చ వెయ్యమని కాగితం మీద గీసిచ్చింది.

అందులో ఉంగరపు వేలికి ఒక పక్క పసుపు, ఒక పక్క ఆకుపచ్చ. నాకు నచ్చలేదు. ఒకే అక్షరానికి రెండు రంగులు వేస్తే ఏ దుకాణదారు ఊరుకుంటాడు? తొందరలో పొరబడిందనుకుని రెండు పక్కలా పసుపే లాగాను. చాలా అందంగా వచ్చింది.

క్లాసు రోజు పొద్దున బిడ్డ బొమ్మను సంచిలో పెట్టుకోబోతుంటే, బీడీ ఆకు కత్తిరిస్తున్న నా భార్య చూస్తానంది. చెయ్యి తిమ్మిరెక్కుతోందని ఆమె చాలా రోజులుగా అంటోంది. నేను వినీ విననట్టు ఉంటున్నాను. పసుపు గీతల పక్కన తన వేళ్లు పెట్టి చూసుకుంది.

"గీ మూడు వేళ్లు సరే. ఉంగరపు వేలు నాకు సగమే తిమ్మిరెక్కుతది, నడిమి వేలు దిక్కు. చిటికెన వేలు దిక్కు మంచిగనే ఉంటది. గిదంత పసుపేంది?"

బిడ్డ బొమ్మను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"బాపు, నేను గీసిచ్చిన కాగితమేది?"

మేక తిన్నదన్నాను. కాగితమేమో నా చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.

గబగబా ఆకుపచ్చ దిద్దాను. ఆరేంత సమయం లేదు. బిడ్డ వాళ్లమ్మను కూడా రమ్మంది. ముగ్గురం బస్సెక్కాం. దారి పొడుగునా ఆ చేతిని కిటికీలోంచి గాలికి పట్టుకుని కూర్చున్నాను. రోడ్డు మీద జనం దానికి తిరిగి చెయ్యి ఊపారు.

క్లాసులో బిడ్డ వాళ్లమ్మనే ముందు నిలబెట్టి ఆ సగం వేలు సంగతి చెప్పించిందట. నన్ను బయటే కూర్చోబెట్టారు. ఉద్యోగం వచ్చింది. నా భార్యను అదే రోజు డాక్టరుకు చూపిస్తే మణికట్టుకు పట్టీ వేశాడు.

ఆ చెయ్యి ఇప్పుడు కాలేజీ బీరువాలో ఉంది. ఉంగరపు వేలికి ఆకుపచ్చ వేసిన పక్క కాస్త గరుకుగా ఉంటుంది. నిజం చేతిలా ఉండాలని కావాలనే అలా వేశానని హోటల్లో చెబుతాను. అది బస్సు దుమ్ము.